చైనాను కళ్లారా చూసి రాసిన విలేకరి – ఎడ్గార్ స్నో

నక్షత్రం గుర్తు టోపీ పెట్టుకున్న మావో ఫొటో మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ ఫొటో తీసింది ఎడ్గార్ స్నో అనే అమెరికన్ విలేకరి. మావో తలమీది టోపీ కూడా ఆయనదే.

స్నో 1905 జూలై 19న అమెరికాలోని కాన్సాస్ సిటీలో జన్మించారు. తండ్రికి చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. జర్నలిజం చదువులో చేరారు కానీ పూర్తి చేయలేదు. ప్రపంచం చుట్టి రావాలని బయలుదేరి 1928లో షాంఘైలో దిగారు. ఆరు వారాలుండి వెళ్లిపోదామనుకున్న మనిషి పదమూడేళ్లు అక్కడే ఉండిపోయారు.

ఆయన్ని మార్చింది 1929 నాటి కరువు. వాయవ్య చైనాలో సరాత్సీ అనే ఊరికి వెళ్లి చూస్తే ఎముకల గూళ్లలా మారిన మనుషులు, వీధుల్లో శవాలు. అదే ఊళ్లో వ్యాపారుల దగ్గర ధాన్యం నిల్వలున్నాయి. బయటి నుంచి వచ్చిన సహాయ ధాన్యం పంపుదామంటే రైలు పెట్టెలు యుద్ధ ప్రభువుల చేతుల్లో చిక్కుకుపోయాయి. తిండి లేక కాదు, ఉన్న తిండి పేదవాడి దాకా రాక చచ్చిపోతున్నారని ఇరవై నాలుగేళ్ల వయసులో ఆయనకు అర్థమైంది.

ఆ కాలంలో విదేశీ విలేకరుల్లో చాలామంది పెద్ద నగరాలు దాటేవారు కాదు. చాంగ్ కై షేక్ ప్రభుత్వం కమ్యూనిస్టులను బందిపోట్లు అంటే పత్రికలూ అదే రాసేవి. మావో చనిపోయాడని ఎన్నోసార్లు వార్తలొచ్చాయి. నిజమేమిటో అక్కడికి వెళ్లి చూసినవాడు లేడు. సైన్యం దారులన్నీ మూసేసింది.

1936 జూన్‌లో స్నో బయలుదేరారు. సన్ యట్ సేన్ సతీమణి సూంగ్ చింగ్ లింగ్ సహాయం చేశారు. అంటురోగాలకు టీకాలన్నీ వేయించుకుని, కంటికి కనిపించని సిరాతో రాసిన పరిచయ పత్రం జేబులో పెట్టుకుని, డాక్టర్ జార్జ్ హతేం అనే మరో అమెరికన్‌తో కలిసి పావో ఆన్ చేరారు. మావో రాత్రుళ్లు కొండ గుహలో కూర్చుని తన బాల్యం, తండ్రితో గొడవలు, లాంగ్ మార్చ్ అన్నీ చెప్పారు. స్నో ఇంగ్లీషులో రాసుకున్నది చైనీస్‌లోకి మార్చి మావోకు చూపించేవారు. ఆయన దిద్దాక మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చేవారు. అంటే ఆ ఆత్మకథ మావో ఎలా ఉండాలనుకున్నారో అలాగే వచ్చింది. ఈ సంగతి మరిచిపోకూడదు. కానీ స్నో మావో దగ్గరే కూర్చోలేదు. నాలుగు నెలలపాటు తిరిగి సిపాయిలతో, రైతులతో, దళాల్లోని చిన్న పిల్లలతో కూడా మాట్లాడారు.

1937లో లండన్‌లో 'రెడ్ స్టార్ ఓవర్ చైనా' అచ్చయింది. మన తెలుగువాళ్లు 'చైనాపై అరుణతార'గా చదువుకున్న పుస్తకం ఇదే. స్టాలిన్ విధానాన్ని తప్పుపట్టారని అమెరికా కమ్యూనిస్టు పార్టీకి ఈ పుస్తకం నచ్చలేదు. తర్వాత మెకార్తీ రోజుల్లో అదే పుస్తకం రాసినందుకు ఆయనపై కమ్యూనిస్టు ముద్ర పడింది. ఎఫ్‌బీఐ ప్రశ్నించింది, పత్రికల తలుపులు మూసుకున్నాయి. 1959లో భార్యాపిల్లలతో స్విట్జర్లాండ్ వెళ్లిపోయారు.

1960లో ఆయనకు మళ్లీ చైనా వెళ్లే అవకాశం వచ్చింది. అయిదు నెలలు తిరిగారు. ఫ్యాక్టరీలు, కమ్యూన్లు, స్కూళ్లు చూపించారు. మావోతో, చౌ ఎన్ లైతో మాట్లాడారు. 1962లో వచ్చిన పుస్తకంలో రేషన్ ఉంది, కొరత ఉంది కానీ జనం ఆకలితో చావడం తన కంట పడలేదని రాశారు. పశ్చిమ పత్రికల కరువు వార్తలను కొట్టిపారేశారు. కానీ గ్రేట్ లీప్ తర్వాత 1959–61 మధ్య అక్కడ కోట్లమంది తిండిలేక చనిపోయారు. చరిత్రకారుల అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. తనిఖీకి ముందే కబురు వస్తే ఆ రోజు పప్పు ఎలా చిక్కబడుతుందో హాస్టల్లో చదివినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. స్నో అబద్ధం రాశారని నేననను. చూపించింది చూసి నమ్మారు. కానీ సరాత్సీలో శవాల మధ్య నడిచిన మనిషికి ఆ అనుమానం ఇంకాస్త గట్టిగా రావాల్సింది. తను ఇష్టపడిన మనుషుల రాజ్యంలో కరువును ఊహించడం ఆయనవల్ల కాలేదేమో. ఆకలితో పోయిన రైతుల తరఫున ఆ రోజు రాసేవాళ్లు లేరు కాబట్టి ఈ లోపం నాకు చిన్నదిగా కనిపించదు.

1970 అక్టోబర్ 1న తియనాన్మెన్ వేదికపై మావో పక్కన ఆయన్ని నిలబెట్టారు. అది అమెరికాకు స్నేహ సంకేతమని వాషింగ్టన్‌కు అప్పట్లో అర్థం కాలేదు. నిక్సన్ వస్తే ఆహ్వానిస్తామని డిసెంబర్‌లో మావో స్వయంగా చెప్పారు. 1971 ఏప్రిల్‌లో ఆ విషయం 'లైఫ్' పత్రికలో వచ్చింది. అప్పటికే స్నో ఆరోగ్యం దెబ్బతింది. క్లోమ క్యాన్సర్ అని తేలాక మావో, చౌ ఎన్ లై వైద్య బృందాన్ని స్విట్జర్లాండ్ పంపారు. పావో ఆన్‌కు తోడుగా వచ్చిన హతేం కూడా అందులో ఉన్నారు. 1972 ఫిబ్రవరి 15న స్నో కన్నుమూశారు. ఆరు రోజులకు నిక్సన్ పెకింగ్‌లో దిగారు.

ఆయన చితాభస్మంలో సగం పెకింగ్ విశ్వవిద్యాలయం చెరువు ఒడ్డున, మిగతా సగం అమెరికాలో హడ్సన్ నది పక్కన ఉన్నాయి.