కాళిదాసుకు ప్రాణం పోసిన కోల్చారం పండితుడు

కోల్చారం: సంస్కృత కావ్యాన్ని చేతబట్టిన ప్రతి విద్యార్థికీ దారి చూపే పేరు మల్లినాథ సూరి. ఆ మహామహోపాధ్యాయుని ఇంటిపేరు కోలాచలం. అది మెదక్ జిల్లాలోని కోల్చారం గ్రామమేనని పండితుల నిర్ణయం. ఆయన 14వ శతాబ్ది ఉత్తరార్ధంలోనూ, 15వ శతాబ్ది తొలినాళ్లలోనూ జీవించారు.

కాళిదాసు వాక్కు చెడు వ్యాఖ్యానాల విషంతో మూర్ఛిల్లిందన్నది మల్లినాథుని ఆవేదన. దానికి మందుగా రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశాలకు వ్యాఖ్య రచించి 'సంజీవని' అని పేరు పెట్టారు. భారవి కిరాతార్జునీయానికి 'ఘంటాపథం', మాఘుని శిశుపాలవధకు 'సర్వంకష', శ్రీహర్షుని నైషధానికి 'జీవాతు' కూర్చారు. పంచమహాకావ్యాలూ ఆ విధంగా విద్యార్థులకు అందుబాటులోకి వచ్చాయి.

ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది. శ్లోకంలో చెల్లాచెదరుగా ఉన్న పదాలను ముందుగా అన్వయక్రమంలోకి తెస్తారు. ఆపై ప్రతిపదార్థం, విగ్రహవాక్యం, పాణిని సూత్రం, నిఘంటువు ప్రమాణం, చివర అలంకారం చెబుతారు. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమం. రఘువంశం తొలి శ్లోకంలోనే 'పితరౌ' అనే మాట ఉంది. పైకి చూస్తే ఇద్దరు తండ్రులని తోస్తుంది. తల్లీ తండ్రీ కలిసి ఒకే పదంగా మిగిలిన ఏకశేషమని సూరి సూత్రం చూపి సందేహం తీర్చారు. పరమేశ్వరుని కంటె ముందు పార్వతి పేరు ఎందుకు వచ్చిందో కూడా వివరించారు. తల్లి మిక్కిలి పూజ్యురాలు, పైగా ఆ పదంలో అక్షరాలు తక్కువ అన్నారు. నేటి గైడు పుస్తకాలలో ఇంతటి నిశిత పరిశీలన అరుదు.

అయితే ఆయన మాట అంతా నిర్వివాదం కాదు. మేఘసందేశంలో దిఙ్నాగుల ప్రస్తావన వచ్చిన చోట, కాళిదాసు తన ప్రత్యర్థి అయిన దిఙ్నాగాచార్యుని ఎత్తిపొడిచాడని మల్లినాథుడు శ్లేష చెప్పారు. అంతకు మునుపు దక్షిణావర్తనాథుడూ అదే తీరున చెప్పాడు. కాళిదాసు కాలనిర్ణయానికి కొందరు చరిత్రకారులు దీనినే ఆసరా చేసుకున్నారు. కాశ్మీర పండితుడు వల్లభదేవుని ప్రాచీన వ్యాఖ్యలో మాత్రం ఈ అర్థం లేదు. నియమనిష్ఠ గల వ్యాఖ్యాత ఇక్కడ ఒక అడుగు ముందుకు వేశారనే అనిపిస్తుంది. మేఘసందేశంలో కాళిదాసువి కావని తోచిన శ్లోకాలను ప్రక్షిప్తాలుగా వేరుచేసిన జాగ్రత్తా ఆయనదే. కుమారసంభవానికి ఆయన వ్యాఖ్య ఎనిమిదో సర్గతో ఆగింది. తరువాతి సర్గలు కాళిదాసువి కావనే వారికి అదొక బలమైన ఆధారం.

ఆయన కుమారులు పెద్దిభట్టు, కుమారస్వామి కూడా పండితులే. వారిలో కుమారస్వామి, కాకతీయ ప్రతాపరుద్రుని కీర్తిస్తూ విద్యానాథుడు ఓరుగల్లులో రచించిన ప్రతాపరుద్రీయానికి 'రత్నాపణం' అనే వ్యాఖ్య రాశారు.