పరాయి నేలపై రామానుజన్

నారు పీకి వేరే మడిలో నాటితే నాలుగు రోజులు వడలి, మళ్ళీ తేరుకుంటుంది. రైతుబిడ్డగా నాకిది తెలుసు. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ మాత్రం తేరుకోలేదు.

1914లో ఆయన కేంబ్రిడ్జి చేరారు. శాకాహారి, తన వంట తానే వండుకునేవారు. యుద్ధం వల్ల ఆహారానికి కటకట, దానికి తోడు చలి. 1917లో మంచం పట్టారు. క్షయ అనుకున్నారు. ఆ జబ్బుతోనే 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1919లో తిరిగొచ్చి, 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్ళకే మద్రాసులో కన్నుమూశారు.

అది క్షయ కాదు, కాలేయానికి పట్టిన అమీబా వ్యాధి కావచ్చని 1994లో యంగ్ అనే పరిశోధకుడు వాదించారు. మద్రాసులో ఆయనకు లోగడ జిగట విరేచనాలు పట్టుకున్నాయి. ఆ క్రిమే ఒంట్లో దాగి ఉండొచ్చునట. అదే నిజమైతే, తప్పు పరాయి నేలది కాదు, జబ్బు ఇక్కడి నుంచే వెళ్ళింది.

పైచదువులకు విదేశాలు వెళ్ళే మిత్రులారా! అక్కడ జబ్బు చేస్తే, ఇక్కడి పాత జబ్బులు కూడా డాక్టరుకి చెప్పండి.