క్రీడాగురువు రహీం

ఆట మనుష్యులను చెడగొట్టుటయు గలదు, బాగుచేయుటయు గలదు. పలనాటి వీరగాథలో గురజాల, మాచెర్ల రాజ్యముల నడుమ జరిగిన కోడిపందెమే కలహమును పెంచినది. పందెములో ఓడిన మాచెర్లవారు రాజ్యమును విడిచి ఏడేండ్లు వనవాసము చేయవలసివచ్చెను. గడువు తీరినను వారి రాజ్యము వారికి దక్కలేదు. తుదకు కార్యమపూడి రణరంగమున ఉభయపక్షముల వీరులును నేలకొరగిరి. పంతమునకై ఆడిన ఆట తెచ్చిన ఫలమిది. ఆటనే విద్యగా నేర్పినచో యువకులు ఎంతటివారు కాగలరో హైదరాబాదు నగరమున ఒక ఉపాధ్యాయుడు నిరూపించెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడయ్యెను. విద్యార్థిదశయందే ఫుట్‌బాల్ క్రీడలో పేరు గాంచెను. పిమ్మట బడిపంతులై కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు పాఠశాలలలో పిల్లలకు చదువు చెప్పెను. వ్యాయామవిద్యను కూడ అభ్యసించి, బాలురను ఆటస్థలమునకు తీసికొనిపోయి తీర్చిదిద్దుటకు పూనుకొనెను. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై జీవితాంతము ఆ భారమును వహించెను. అందరును ఆయనను ఆదరముతో రహీంసాహెబని పిలిచెడివారు.

ఆయన శిక్షణపద్ధతి విశిష్టమైనది. బంతిని తానొక్కడే దొర్లించుకొనిపోవు ఆటగాడు చూపరుల మెప్పు పొందునుగాని జట్టునకు మేలు చేయడు. అందుచేత రహీం బాలురకొక క్రొత్తవిధమైన పోటీ ఏర్పరచెను. అందులో బంతి కాలికి తగిలిన వెంటనే తోటివానికి అందింపవలెనే తప్ప, తనయొద్ద ఉంచుకొనరాదు. మరియొక పోటీలో వాటముగానున్న కాలితో గాక, రెండవ కాలితోనే బంతిని తన్నవలెను. మొదటి నియమము వలన తోటివానిపై విశ్వాసము కుదిరెను. రెండవ దాని వలన తనలోని లోపమును శ్రమచే జయించు అలవాటు కలిగెను. సమాజమున నాయకుడు కాదలచినవానికి ఈ రెండును ముఖ్యములే కదా!

సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అను పేదబాలుడుండెను. ఆటయందు మిక్కిలి నేర్పరియైనను, ప్రతిదినమును హైదరాబాదునకు వచ్చిపోవుటకు అతనియొద్ద సొమ్ము లేకుండెను. రహీం ఆ సంగతి గ్రహించి, అద్దె సైకిలునకు కావలసిన డబ్బు తానే ఇచ్చి అతనిని రప్పించెను. ఆ బాలుడే 1956లోను, 1960లోను ఒలింపిక్ క్రీడలలో మన దేశము పక్షమున ఆడెను. కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టునకు నాయకుడు కూడ అయ్యెను.

రహీం శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్స్ కప్పును గెలుచుకొనెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన తీర్చిన భారతజట్టు స్వర్ణపతకమును పొందెను. కాని మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఘోరపరాభవము కలిగెను. మనవారిలో పెక్కుమంది బూట్లు లేకయే ఆడిరి. యుగోస్లావియా జట్టు 10 గోల్‌లు చేయగా మనవారు ఒక్కటి మాత్రమే చేయగలిగిరి. రహీం ఈ ఓటమికి క్రుంగిపోలేదు, నెపములు వెదకలేదు. బూట్లతో ఆడుట అలవరచి, విదేశముల ఆటతీరులను పరిశీలించి, జట్టును మరల నిర్మించెను. 1956లో మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోల్‌లతో ఓడించి నాలుగవ స్థానము పొందెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు అదియే.

రహీం జీవితములో కఠినపరీక్ష 1962లో వచ్చెను. అప్పటికే ఆయనను క్యాన్సరు వ్యాధి పీడించుచుండెను. అయినను ఆసియా క్రీడలకై జట్టును వెంటబెట్టుకొని జకార్తా నగరమునకు వెళ్లెను. అందు హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు కలరు. భాషలు వేరైనను వారందరును ఒక్క గురువు మాటపై నడచిరి. తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో మనకు ఓటమి కలిగెను. తరువాతి పోటీలో రక్షకస్థానమున ఆడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. రహీం అతనిని వెనుకకు తీయక, ముందువరుసలో నిలిపి గోల్‌లు చేయు బాధ్యత నప్పగించెను.

సెప్టెంబరు 4వ తేదీన అంతిమపోటీలో మరల దక్షిణ కొరియాయే ఎదురయ్యెను. ఇజ్రాయెల్, తైవాన్ దేశములను ఆ క్రీడలకు రానీయకపోవుటను భారతీయ ప్రతినిధి ఒకరు ఆక్షేపించియుండుటచే, ప్రేక్షకజనము మన ఆటగాండ్రపై ఆగ్రహముతో కేకలు వేయుచుండెను. మనవారు చలింపక తమ ఆట తామాడిరి. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ మరియొక గోల్ చేయగా భారతజట్టు 2-1తో జయించి స్వర్ణపతకము గైకొనెను.

మరుసటి సంవత్సరము, 1963 జూన్ 11వ తేదీన రహీం పరమపదించెను. అప్పటికాయన వయస్సు 53 ఏండ్లు. ఆయన నాటిన విత్తనములు మాత్రము వ్యర్థములు కాలేదు. జర్నైల్ సింగ్ భారతజట్టునకు నాయకుడయ్యెను. బెనర్జీ శిక్షకుడై ఎందరో యువకులను తయారుచేసెను. రహీం కుమారుడు హకీం ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించి, తరువాత అంతర్జాతీయ పోటీలలో న్యాయనిర్ణేతగా, శిక్షకుడుగా ఆటకు సేవచేసెను.

పతకములు పెట్టెలో భద్రముగానుండును. శీలము మనుష్యునితో నడచును. తానులేనినాడు కూడ నిలువగల యువకులను తీర్చుటయే గురువు చేయవలసిన పని. రహీం ఆ పనిని బడిలోను, ఆటస్థలములోను ఒకేతీరున చేసెను.