హజ్ కళ్ళు తెరిపించిన మాల్కమ్ ఎక్స్

అమెరికాలోని ఒమాహా నగరంలో 1925 మే 19న ఓ నల్లజాతి క్రైస్తవ బోధకుని ఇంట మాల్కమ్ లిటిల్ జన్మించారు. ఆరేళ్ళ ప్రాయంలో తండ్రిని కోల్పోయారు. తెల్లవారే ఆయన్ని చంపారని కుటుంబం నమ్మింది. 1939లో తల్లిని మానసిక వైద్యశాలలో చేర్చడంతో పిల్లలు చెల్లాచెదురయ్యారు. చదువులో చురుకైన మాల్కమ్ లాయర్ కావాలని ఆశపడితే, నల్లవారికి అది తగిన ఆశ కాదని ఉపాధ్యాయుడే నిరుత్సాహపరిచాడు. చదువుపై మనసు విరిగిన ఆ బాలుడు పెద్దయ్యాక దొంగతనాలకు దిగి, 1946లో జైలు పాలయ్యారు.

జైల్లో పుస్తకాలు చదివారు. 'నేషన్ ఆఫ్ ఇస్లాం' అనే సంస్థ బోధనలకు ఆకర్షితులయ్యారు. 1952లో విడుదలై దాని ప్రముఖ వక్తగా ఎదిగారు. బానిసత్వపు రోజుల్లో యజమానులు తగిలించిన ఇంటిపేరు వదిలి, తెలియకుండా పోయిన అసలు పేరుకు గుర్తుగా 'ఎక్స్' అని పెట్టుకున్నారు.

ఇక్కడ మనం ఒక విషయం గ్రహించాలి. ఆ సంస్థ మద్యం, జూదం మాన్పించింది నిజమే. కాని తెల్లవారందరూ పుట్టుకతోనే షైతానులని బోధించేది. తన నాయకుణ్ణి దైవసందేశహరునిగా చెప్పుకునేది. ముహమ్మద్ (స) అంతిమ ప్రవక్త అని విశ్వసించే మనం దీన్ని ఇస్లాం అనలేము. ద్వేషానికి ద్వేషం మందు కాదు.

1964 మార్చిలో మాల్కమ్ ఆ సంస్థను వీడారు. ఏప్రిల్‌లో హజ్‌కు వెళ్ళారు. అక్కడ తెల్లని మేనిఛాయ గల ముస్లింలతో కలిసి ఒకే పళ్ళెంలో తిన్నారు, ఒకే వరుసలో సజ్దా చేశారు. తెల్లవారంతా దుర్మార్గులన్న పాత నమ్మకాన్ని వదులుకున్నానని ఇంటికి ఉత్తరాలు రాశారు. అల్‌హాజ్ మాలిక్ అల్ షబాజ్‌గా తిరిగొచ్చారు.

అయితే పోరాటం మానలేదు. వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం 1964 జూలై 2న వచ్చినా, దక్షిణ రాష్ట్రాల్లో ఎందరో నల్లవారు ఓటు వేయలేని స్థితిలోనే ఉన్నారు. ఈ అన్యాయాన్ని ఐక్యరాజ్యసమితి ముందుంచాలని ఆయన కృషి చేశారు. 1965 ఫిబ్రవరి 21న న్యూయార్క్ సభలో దుండగులు ఆయన్ని కాల్చిచంపారు. అప్పటికి వయసు 39 ఏళ్ళు. ఓటుహక్కు చట్టం ఆ ఆగస్టులో వచ్చింది.

సోదర సోదరీమణులారా! ద్వేషించడానికి ఆయనకు ఎన్నో కారణాలున్నాయి. అయినా సత్యం కనబడగానే తనను తాను మార్చుకున్నారు. మరి మనం? మస్జిదులో భుజం భుజం కలిపి నిలబడతాం. ఇంటికొచ్చి పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అమ్మాయి రంగు అడుగుతాం, బిరాదరీ అడుగుతాం. అల్లాహ్ దగ్గర గౌరవానికి కొలమానం తఖ్వా (దైవభీతి) ఒక్కటే. ఆ కొలమానాన్ని మన ఇళ్ళల్లోనూ పాటించే భాగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.