లాగి చూశాకే సిమెంటు కొన్న ఇంజనీరు

పట్నంలోని పురపాలక సంఘానికి సరుకు పంపాలంటే మన ఇటుక బట్టీల వారికి, కంకర తోలేవారికి మూడు బెంగలు. టెండరు తమ దాకా వస్తుందా? తీసుకెళ్లిన సరుకును పని దగ్గర కాదంటారా? బిల్లు ఎప్పటికి పాసవుతుంది? నూట అరవై ఏళ్ల కిందట లండన్ నగరానికి ఇటుకలు, సిమెంటు అమ్మినవారికీ ఇవే బెంగలు. ఆ నగరం పనులను ముప్ఫై మూడేళ్లు చూసిన చీఫ్ ఇంజనీరు సర్ జోసెఫ్ బాజల్‌గెట్. మురుగు కాలువలు కట్టించినవాడుగా ఆయన పేరు చరిత్రలో నిలిచింది. అంత పనికి సరుకు ఎలా కొన్నారన్నది మాత్రం మనకు తెలిసింది తక్కువ.

బాజల్‌గెట్ 1819 మార్చి 28న లండన్‌కు ఉత్తరాన ఉన్న ఎన్‌ఫీల్డులో పుట్టారు. తాత ఫ్రాన్సు నుంచి వలస వచ్చిన దర్జీ. తండ్రి నౌకాదళంలో అధికారి. కుర్రతనంలో జాన్ మాక్‌నీల్ అనే ఇంజనీరు దగ్గర చేరి, ఐర్లండులో పొలాల నుంచి నీరు తీసే పనులు నేర్చుకున్నారు. ఆ తరువాత లండన్‌లో సొంతంగా వృత్తి పెట్టుకున్నారు. అవి ఇంగ్లండులో ఎక్కడ చూసినా రైలుమార్గాల సర్వేలు సాగుతున్న రోజులు. విశ్రాంతి లేని పనితో 1847లో ఆయన ఆరోగ్యం చెడింది. కొంతకాలం పల్లెపట్టున ఉండి కోలుకుని, 1849లో లండన్ మురుగు కాలువల కమిషన్‌లో సహాయ సర్వేయరుగా చేరారు. మనిషి బక్కపలచన, ఎత్తూ తక్కువే.

అప్పటి లండన్ జనాభా సుమారు పాతిక లక్షలు. ఇళ్ల మురుగంతా థేమ్స్ నదిలోకే పోయేది. ఆ నది నీళ్లనే చాలామంది తాగేవారు. 1853, 54 సంవత్సరాల్లో కలరాకు నగరంలో పదివేల మందికి పైగా చనిపోయారు. ఊరంతటికీ కలిపి ఒక పాలక సంస్థ అంటూ లేకపోవడం పెద్ద లోపం. పేట పేటకూ వేరే సంఘం, వేరే లెక్క. చివరికి 1855లో చట్టం చేసి మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ అనే సంస్థను ఏర్పరచారు. మరుసటి ఏడాది దానికి బాజల్‌గెట్ చీఫ్ ఇంజనీరయ్యారు.

ఆయన పథకం చెప్పడానికి సులువు. నదికి అడ్డంగా వచ్చి పడే పాత కాలువలను, నదికి సమాంతరంగా పోయే పెద్ద కాలువలతో మధ్యలోనే అందుకోవాలి. మైలుకు కనీసం రెండడుగుల వాటం ఇచ్చి, ఆ మురుగును ఊరికి తూర్పున దూరంగా తీసుకుపోవాలి. కాగితం మీద ఇది రెండేళ్లు నలిగింది. ప్రభుత్వం ఒప్పుకోదు, డబ్బు లేదు. 1858 ఎండాకాలంలో నది కంపు పార్లమెంటు కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. అప్పుడు కదిలారు సభ్యులు. ఆగస్టు 2న చట్టం అయిపోయింది.

సరుకు అమ్మేవారి వైపు నుంచి చూస్తే ఆ చట్టంలో అసలు విషయం డబ్బు సంగతి. బోర్డు 30 లక్షల పౌన్ల అప్పు తెచ్చుకోవచ్చు. ఆ అప్పుకు ప్రభుత్వం పూచీ. తీర్చడానికి ఇళ్ల పన్ను మీద పౌనుకు మూడు పెన్నీల చొప్పున నలభై ఏళ్లు వసూలు. పని మొదలు కాకముందే బిల్లుల డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఊరందరికీ తెలిసిపోయింది. డబ్బు చూపించని పనికి ఎవరైనా రేటు ఎక్కువే వేస్తారు. బిల్లు ఆలస్యమైతే అయ్యే వడ్డీని కూడా అందులోనే కలుపుకుంటారు. మన కంకర వ్యాపారులకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు.

1859లో పని మొదలైంది. మొత్తం పనిని ఒక్కరికే కట్టబెట్టకుండా ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు వేరుగా టెండర్లు పిలిచారు. రైలుమార్గాలు వేసి పేరుపడ్డ థామస్ బ్రాసీ కెన్సల్ గ్రీన్ నుంచి లీ నది వరకు పన్నెండు మైళ్ల కాలువ కట్టారు. ఉత్తరపు పనుల్లో జార్జి ఫర్నెస్, దక్షిణపు పనుల్లో విలియం వెబ్‌స్టర్ ముఖ్యులు. వీరి వెనక వందల మంది చిన్నవారున్నారు. కెంట్, ఎసెక్స్ ప్రాంతాల బట్టీలవారు, తెరచాప పడవల మీద ఇటుకలు చేరవేసేవారు, ఇసుక తోలేవారు, తాపీ పనివారు. మొత్తం పట్టిన ఇటుకలు 31 కోట్ల 80 లక్షలు. అన్ని ఇటుకలు ఒక్కసారి కావాలంటే బట్టీలు తట్టుకోలేకపోయాయి. ఇటుక ధర పెరిగింది, తాపీ కూలీ పెరిగింది. 30 లక్షల పౌన్లతో అవుతుందనుకున్నది 40 లక్షలు దాటింది.

ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. చిన్న బట్టీదారుకు బోర్డుతో నేరుగా లెక్క లేదు. ఆయన ఇటుక కొన్నది కాంట్రాక్టరు. బాకీ కూడా ఆయన దగ్గరే. బోర్డు సకాలంలో బిల్లు ఇచ్చినా ఆ డబ్బు బట్టీ దాకా వచ్చిందా లేదా అని చూసే ఏర్పాటు ఆ పద్ధతిలో లేదు. బాజల్‌గెట్ గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఈ వెలితిని దాచనక్కరలేదు.

ఇక సిమెంటు. ఇక్కడే ఆయన గట్టి సాహసం చేశారు. అప్పటివరకు నీటి పనులకు రోమన్ సిమెంటు వాడేవారు. అది త్వరగా బిగుస్తుంది కాని బలం తక్కువ. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో లీడ్స్ పట్టణపు తాపీ మేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందారు. నీటిలో ఉన్నకొద్దీ అది గట్టిపడుతుంది. చిక్కేమిటంటే బట్టీలో కాల్చడంలో కాస్త తేడా వచ్చినా సరుకు పాడు. చూపుకు మంచి సిమెంటూ చెడ్డ సిమెంటూ ఒకేలా ఉంటాయి. భూమి లోపల కట్టే కాలువలో చెడ్డ సిమెంటు పడితే బయటపడేది ఎప్పుడో కాలువ కూలినప్పుడే. అందుకే చాలామంది ఇంజనీర్లు దాని జోలికి పోలేదు.

బాజల్‌గెట్ వద్దనలేదు, గుడ్డిగా నమ్మనూ లేదు. ఆయన సహాయకుడు జాన్ గ్రాంట్ ముందుగా తయారీదారుల నుంచి మచ్చులు తెప్పించి పరీక్షలు చేశారు. ఏ సరుకు ఎంత బరువు ఆపుతోందో చూశాకే షరతు రాశారు. బుషెల్ అంటే మన కుంచం వంటి కొలపాత్ర, సుమారు 36 లీటర్లు పడుతుంది. దాని నిండా పోసిన సిమెంటు కనీసం 110 పౌండ్లు తూగాలి. బాగా కాలిన సిమెంటుకే ఆ బరువు వస్తుంది. తరువాత అచ్చులో పోసి, నడుము అంగుళమున్నర చదరంగా ఉండే దిమ్మ చేస్తారు. దాన్ని ఏడు రోజులు నీళ్లలో ఉంచి, రెండు కొసలూ పట్టి లాగుతారు. 400 పౌండ్ల బరువు దాకా తెగకుండా నిలవాలి. తెగితే ఆ సరుకు పనికి రాదు.

ఈ పద్ధతిలో అమ్మేవారికి కష్టమూ ఉంది, మేలూ ఉంది. షరతు ముందే కాగితం మీద ఉంది, అందరికీ ఒకటే. బోర్డు మనిషి సిమెంటు పిడికిట పట్టి చూసి, ముఖం చూసి, బాగుందనో బాగులేదనో చెప్పే వీలు పోయింది. బట్టీ దగ్గర తామే తూచుకుని, తామే లాగి చూసుకుని, నిలిచే సరుకునే పడవకెక్కించవచ్చు. పరీక్షకు భయపడినవారు తప్పుకున్నారు. నార్త్‌ఫ్లీట్, స్వాన్స్‌కోమ్ వంటి నదీతీరపు ఊళ్ల తయారీదారులు రాయి నూరడం, కాల్చడం మెరుగు పరచుకున్నారు. పరీక్షలు వేల సంఖ్యలో జరిగాయి. సరుకు మెరుగైనకొద్దీ షరతునూ పెంచారు. లండన్ కాలువలో నెగ్గిన సిమెంటు అంటే ఇతర దేశాల రేవు పనులవారు కూడా నమ్మి కొన్నారు. గ్రాంట్ తమ పరీక్షల లెక్కలను దాచుకోలేదు, ఇంజనీర్ల సంఘం ముందు పెట్టి అచ్చు వేయించారు. 1904లో బ్రిటన్ అంతటికీ సిమెంటు ప్రమాణం వచ్చింది. మన దుకాణాల్లో సాదా సిమెంటు బస్తా మీద 43 అనో 53 అనో ఉండే అంకె అటువంటి పరీక్షదే. ఇప్పుడు దిమ్మను లాగే బదులు నొక్కి చూస్తారు, గడువు 28 రోజులు.

పరీక్ష ఎందుకంత గట్టిగా పెట్టారో 1866లో తేలింది. ఆ ఏడు కలరా మళ్లీ వచ్చింది. తూర్పు లండన్‌లో కొత్త కాలువ ఇంకా పూర్తికాని పేటల్లోనే ఎక్కువగా విరుచుకుపడి అయిదు వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. కాలువలు అందిన పేటలు చాలావరకు బయటపడ్డాయి. ఆ తరువాత లండన్‌లో కలరా అంతగా మళ్లీ చెలరేగలేదు.

తరువాతి పనులు క్లుప్తంగా చెబితే సరిపోతుంది. నది ఒడ్డును రాతితో కట్టిన విక్టోరియా ఎంబాంక్‌మెంటు 1870లో తెరిచారు. దాని కడుపులో మురుగు కాలువ, పక్కన భూగర్భ రైలు, పైన రోడ్డు. ప్రధాన కాలువలు 82 మైళ్లు, 1875 నాటికి దాదాపు అన్నీ పూర్తి. అదే కాలంలో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. పట్నీ, హామర్‌స్మిత్, బాటర్సీ వంతెనలు కూడా ఆయన చేతి పనులే.

బోర్డు మాత్రం మంచి పేరుతో ముగియలేదు. దాని సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకునేవారు కారు. బోర్డు స్థలాల లీజుల విషయంలో కొందరు ఉద్యోగులు లోపాయికారీగా సొమ్ము తిన్నారని 1888లో విచారణ సంఘం తేల్చింది. సిమెంటుకు పెట్టిన పరీక్ష స్థలాల కేటాయింపుకు పెట్టలేదు. లీజు ఎవరికి ఎందుకిచ్చారో నలుగురూ చూసే షరతు కాగితం లేదు. బాజల్‌గెట్ మీద ఆ మరక పడలేదు. మరుసటి ఏడాది బోర్డు పోయి, పన్ను కట్టేవారు ఎన్నుకున్న లండన్ కౌంటీ కౌన్సిల్ వచ్చింది. కాంట్రాక్టర్లు కూలీలకు న్యాయమైన కూలి ఇవ్వాలన్న షరతు ఆ కౌన్సిలే పెట్టింది.

బోర్డుతో పాటే 1889లో బాజల్‌గెట్ కూడా పదవి విడిచారు. 1891 మార్చి 15న వింబుల్డన్‌లోని ఇంట్లో కన్నుమూశారు. ఎంబాంక్‌మెంటు గోడలో ఆయన ముఖశిల్పం ఉంది. ఆయన కట్టించిన కాలువలు నేటికీ పని చేస్తున్నాయి. జనం 90 లక్షలకు చేరువై వానాకాలంలో వాటికి మోయలేనంత నీరు వస్తుంటే, నది అడుగున 25 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వి 2025లో పాత కాలువలకు కలిపారు.