చదరంగమున రాయలను గెలిచిన బొడ్డుచర్ల తిమ్మన

1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు 1515లో మన కొండవీటి దుర్గమును గజపతులనుండి గెలుచుకొనెను. అట్టి ప్రభువును అరువదినాలుగు గళ్ల బల్లపై ఓడించిన తెలుగు కవి యొకడు కలడు. అతడే బొడ్డుచర్ల తిమ్మన. పారిజాతాపహరణము రచించిన నంది తిమ్మన వేఱు, ఈయన వేఱు.

ఈయన కీర్తి చాటుపద్యముల మూలమున మనదాక వచ్చినది. రాయల పక్షమున నూర్గురు కూడినను ఆటలో తిమ్మనదే గెలుపని వాని సారాంశము. ఇచ్చట పాఠకులొకింత ఆలోచింపవలెను. కూడుపెట్టు ప్రభువునకు ఎదురుగా కూర్చుండి ఆయన రాజును కట్టివేయుట సామాన్యమైన పని కాదు. గుఱ్ఱము నొక గడి తప్పించి పెట్టినచో ఆట పోయెడిది, ప్రభువు సంతోషించెడివాడు. కాని రాయలు ఆట తెలిసినవాడు. కావలెనని ఓడినచో పసిగట్టకుండునా? తిమ్మన నిజముగనే ఆడెను, నిజముగనే గెలిచెను. ఓడియు మరల మరల అతనినే ఆటకు పిలిచిన రాయల పెద్దఱికమును కూడ నేను మెచ్చుకొందును.

మెచ్చిన రాయలు కొప్పోలు గ్రామమును తిమ్మనకు సర్వాగ్రహారముగ నొసగెనని చెప్పుదురు. పన్నుల బాధ లేక ఊరంతయు ననుభవించుటన్నమాట! శిస్తు లెక్కలలో తల నెఱసిన నావంటివానికి ఆ మాట బరువు బాగుగ తెలియును. ఆ పేరుగల గ్రామము ఒంగోలు చెంత నేటికిని కలదు.

తిమ్మన ఆటను చూచిన భాగ్యము కొలువువారిది. మనకిపుడు దేశదేశముల పందెములు ఇంటనుండియే కానవచ్చుచున్నవి. గుంటూరున పుట్టిన పెంటల హరికృష్ణ 2001లోను, గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి 2002లోను గ్రాండుమాస్టరులైరి. 2025 జూలైలో జార్జియా దేశపు బటూమి నగరమున జరిగిన మహిళల ప్రపంచకప్పు తుదిపోరును మన గ్రంథాలయమున ఒక సెల్‌ఫోను చుట్టు చేరి చూచితిమి. ముప్పదియెనిమిదేండ్ల హంపికెదురుగా పందొమ్మిదేండ్ల నాగపురపు దివ్యా దేశముఖ్. మొదటి రెండాటలును సమమయ్యెను. 28వ తేదీన వేగపుటాటలు. నూర్గురము కాకున్నను ఇరువదిమందిమి హంపికి ఎత్తులు చెప్పుచునే యుంటిమి, బటూమిలో వినువారెవరు? రెండవ వేగపుటాటలో దివ్య గెలిచి కప్పు నందుకొనెను. మా కుఱ్ఱవాండ్రు కొంతసేపు పలుకక కూర్చుండి, పిదప బీరువాలోని బల్లను దించి, హంపి ఓడిన ఆటను మొదటినుండి పేర్చి చూడసాగిరి. ఆనాడు గ్రంథాలయము మూయుసరికి రాత్రి తొమ్మిది దాటెను.