గుండె శక్తి గుట్టు తెలిపిన భీమవరం బిడ్డ

మా ఎచ్చెర్లలో బోదకాలు మాత్రలు పంచడానికొస్తే తలుపు చాటుకి తప్పుకునే ఆడవాళ్ళని చూశాను. ఆ మాత్ర పేరు డీఈసీ. 1947లో హెట్రజాన్ పేరుతో దాన్ని వెలుగులోకి తెచ్చిన బృందానికి పెద్ద మన తెలుగువారే, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. కానీ నేనివాళ ఆయన్ని తలుచుకుంటున్నది బోదకాలు గురించి కాదు, గుండె గురించి.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మగారు నగలమ్మి చదివించారు. కుర్రాడు పదమూడేళ్ళకి కాశీ దారి పడితే వెనక్కి తెచ్చిందీ ఆ తల్లే. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు! అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. తిన్న కొవ్వు ఒంటికి పట్టక మనిషి శల్యమైపోయే జబ్బది. తనకీ వస్తే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో బతికి బయటపడ్డారు.

1923లో భార్య శేషగిరిగారిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్ళారు. మళ్ళీ రాలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి వాణ్ణి చూడనే లేదు. ఆయన గొప్పతనం ఎంత చదివినా నాకు ఇక్కడ గొంతు పట్టేస్తుంది. ఆవిడ ఎదురుచూపుకి ఏ బహుమతీ లేదు కదా.

బోస్టన్‌లో హార్వర్డ్‌లో చేరి, ఫిస్క్ గారితో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని కనుగొన్నారు. మన భాషలో చెప్పాలంటే ఏటీపీ చేతిలో చిల్లర, ఫాస్ఫోక్రియాటిన్ కొంగున ముడేసుకున్న నోటు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఖర్చయ్యేది ఈ చిల్లరే. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. గర్భిణీలకిచ్చే ఫోలిక్ యాసిడ్ తయారీ కూడా అక్కడ ఆయన బృందం చలవే.

అంతటి మనిషి 1948 ఆగస్టులో యాభైమూడేళ్ళకే గుండెపోటుతో పోయారు. చిత్రమేమిటంటే, ఆయన పనిచేసిన బోస్టన్‌కి దగ్గర్లోనే ఫ్రామింగ్‌హాం అనే ఊళ్ళో అదే ఏడాది 5,209 మందితో గుండెజబ్బుల మీద పెద్ద పరిశోధన మొదలైంది. రక్తపోటు, కొలెస్ట్రాల్, సిగరెట్టు గుండెకి చేటని లోకానికి లెక్కలతో చూపించింది అదే.

మావారికి కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరు చెప్పిన రోజునుంచీ మా ఇంట్లో పాల మీదే తగువు. పాలల్లో ఉండే కేజీన్ అనే మాంసకృత్తే గుండెకి ముప్పనీ, ఏ2 పాలయితే మంచివనీ ఎవరో చెబితే నేనూ రెట్టింపు ధర పోశాను. తీరా చూస్తే, 2009లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ అప్పటికి వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, ఏ1 పాలకీ గుండెజబ్బుకీ సంబంధం రుజువు కాలేదని తేల్చింది. నెయ్యి, వెన్నల్లోని సంతృప్త కొవ్వు చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుందన్నది మాత్రం గట్టి మాట. అంచేత మామూలు పాలకే తిరిగొచ్చాను. మీగడ తీసి మరీ పోస్తున్నాను, నెయ్యి చెంచా లెక్కన వడ్డిస్తున్నాను.

మా అత్తగారు మాత్రం కొడుక్కని మీగడ గిన్నె నా కంట పడకుండా దాస్తూనే ఉన్నారు.